నిద్రపోయే తాబేలు ఒరిగి ఈదదు

సెగమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం నడుపుతుంది కాబట్టి కొంత, కోపం ఎక్కువ కాబట్టి కొంత, ఎవరో సరదాకి అన్న మాట ఆవిడకి అతుక్కుపోయింది. ముక్కు మీద కోపం అంటారే, ఆవిడ విషయంలో అది చాలా చిన్న మాట. జేబులో పెన్ను మరిచిపోయి చొక్కా ఉతకడానికి పంపిన పెద్దమనుషుల దగ్గర్నుంచి, కారుతున్న గొడుగు తెచ్చి మడత పెట్టిన దుప్పట్ల మీద ఆనించినవాళ్ళ దాకా ఆవిడ నోట పడనివాళ్ళు లేరు. అయినా గిరాకీ తగ్గేది కాదు. తిట్టినా మరక వదిలిస్తుంది, మాట అన్నా మాట మీద నిలబడుతుంది అని వీధివాళ్ళు సర్దుకుపోయేవారు.

ఆవిడ ఎన్నడూ పల్లెత్తు మాట అనని మనిషి ఒక్కడే ఉన్నాడు. తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికింకా సరిగ్గా చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. తినిపించిందీ, బడికి తోలిందీ, పెళ్ళి చేసిందీ అక్కే. వాడేం చేసినా "చిన్నవాడు, పోనీలే" అనేది. ఆ చిన్నవాడికి ఇప్పుడు నడినెత్తిన వెంట్రుకలు రాలిపోయాయి, అయినా చిన్నవాడే. వీధి చివర వాడిది పెంపుడు జంతువుల దుకాణం. రంగు చేపలు, పిట్టలు, కుందేళ్ళు, రెండు తొట్ల నిండా బొటనవేలంత తాబేలు పిల్లలు. వాడి నాలుక తేనెలో నానబెట్టినట్టుండేది. చచ్చిన చేపని కూడా నిద్రపోతోందని చెప్పి అమ్మగలడని తెలిసినవాళ్ళు హాస్యమాడేవారు. విని సెగమ్మ కూడా నవ్వేది, కొంత గర్వంగానే.

ఆవిడ మొగుడు ఇళ్ళకి రంగులేసే మనిషి. ఆవిడ ఎంత మంటో ఆయన అంత మంచు. ఇద్దరూ సరిగ్గా సరిపోయారని అనేవారు, ఆవిడ మాట్లాడుతుంది, ఆయన వింటాడు కాబట్టి. ఒక మేడ గోడకి రంగేస్తూ నిచ్చెన జారి కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. కదలకుండా పడుకోవాలి, తర్వాత చంక కర్రలు, ఆ తర్వాత చూద్దాం అన్నారు. దుకాణం వెనకే ఇల్లు. వెనక గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. అవతల గదిలో ఇస్త్రీపెట్టె బుసలు కొట్టడం, మిషన్లు గిరగిరా తిరగడం వింటూ రోజంతా కప్పుకేసి చూస్తూ ఉండేవాడు. కప్పు మీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడుతోందో ఆయనకి కంఠతా వచ్చేసింది.

అప్పుడు తమ్ముడు ఒక ప్లాస్టిక్ తొట్టి పట్టుకొచ్చాడు. అందులో జానెడు లోతు నీళ్ళు, ఒక రాయి, ఒక ప్లాస్టిక్ చెట్టు, అరచేతిలో పట్టేంత తాబేలు. పచ్చటి డిప్ప, చెవి దగ్గర చిన్న ఎర్రచార. "బావకి కాలక్షేపం" అన్నాడు. ఏం పెట్టాలని అడిగితే, ఇదిగో ఈ ఎండు రొయ్యల పొట్లం, చిటికెడు వేస్తే చాలు, నీళ్ళు మారుస్తూ ఉండండి, ఇంకేం అక్కర్లేదు, చంపుదామన్నా చావదు, మన తర్వాత కూడా ఉంటుంది అన్నాడు. తమ్ముడికి బావ మీద ఎంత ప్రేమో అని సెగమ్మ కళ్ళు చెమర్చాయి. ఆ రోజు దుకాణానికొచ్చినవాళ్ళలో ఒక్కరికి కూడా తిట్లు పడలేదు.

పెయింటరు దానికి దొర అని పేరు పెట్టాడు. తీరు చూసి పెట్టాడు. తెల్లారగానే తొట్టిలోని రాయి మీదికెక్కి, మెడ చాచి, వెనక కాళ్ళు రెండూ వెనక్కి బార్లా చాపి, వేళ్ళు విడదీసి ఎండ కాచుకునేది. ఎవరైనా దగ్గరికొస్తే ఒక కన్నెత్తి "ఏం పని మీద వచ్చావ్?" అన్నట్టు చూసేది. ఆ ప్లాస్టిక్ చెట్టు తీసేయించి, ఇంకొన్ని రాళ్ళు తెప్పించి, మంచం మీంచే చెప్పి పేర్పించాడు. కిటికీ ఎండ సాయంత్రానికి పోతోందని, తొట్టి పైన ఒక బల్బు వేలాడదీయించాడు. అద్దాల తొట్టి తెప్పించమని పోరాడి తెప్పించుకున్నాడు. మాట్లాడని మనిషి దాని గురించైతే గలగలా మాట్లాడేవాడు. తను కంచం ముందు కూర్చోగానే అది అద్దాన్ని గోళ్ళతో గీరుతుందట, తనకీ పెట్టమని. పట్టుకోబోతే తల లోపలికి లాక్కుంటూ బుస్సుమంటుందట, అది కోపం కాదట, లోపలి గాలి బయటికి పోయే చప్పుడట. "నీ మీద కోపం లేదు, గాలి వదిలానంతే అంటోంది. నువ్వూ అలా అనుకుంటే నాకూ బాగుండు" అని పెళ్ళాంతో వేళాకోళమాడాడు. సెగమ్మ చేతిలోని తడి తువ్వాలు ఆయన మీదికి విసిరింది.

ఒకసారి దొర డిప్ప మీంచి పల్చటి పొర ఊడిందని ఆయన హడలిపోతే, తమ్ముడు వచ్చి చూసి నవ్వాడు. అద్దంలా పల్చగా, శుభ్రంగా ఊడితే అది ఎదుగుతున్నట్టని, మెత్తబడి కంపు కొడితేనే భయపడాలని చెప్పాడు. ఆ చెప్పింది నిజమే. అందుకే ఆ తర్వాత వాడు చెప్పినవన్నీ కూడా నిజమేననుకున్నారు.

చలి మొదలయ్యాక దొర రాయి ఎక్కడం మానేసింది. ముందు ఒక పూట, తర్వాత రోజంతా. నీళ్ళ అడుగున ఒక మూల పడి ఉండేది. కంచం చప్పుడు వినబడినా అద్దం దగ్గరికి వచ్చేది కాదు. రొయ్యలు అలాగే తేలి ఉబ్బిపోయేవి. ఎప్పుడైనా ఈదితే ఎడమ పక్కకి ఒరిగి ఈదేది, ఒక చక్రం ఊడిన బండిలా. పెయింటరు తమ్ముణ్ణి పిలిపించి చూపించాడు. చలికాలం బావా, నిద్రపోతుంది, వాటి నైజం అది, అన్నాడు తమ్ముడు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ అదే చెప్పాడు. ముక్కు దగ్గర బుడగలొస్తున్నాయంటే, నీళ్ళలో ఉండే జీవికి బుడగలు రాకపోతే పొగ వస్తుందా అని నవ్వాడు. కళ్ళు ఉబ్బాయంటే, నిద్రమొహం బావా, నీకు మాత్రం పొద్దున్నే ఉబ్బవా అన్నాడు.

ఆయన ఊరుకోలేదు. జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని పెళ్ళాన్ని అడిగాడు. సెగమ్మకి ఆ వారం పెళ్ళివారి బట్టలు కొండంత పడి ఉన్నాయి. పైగా రోజూ అదే వ్యాపారం చేసే తమ్ముడికి తెలియదా, మంచం మీద పడుకున్న మనిషికి తెలుసా అనిపించింది. పనీపాటా లేక గోరంతలు కొండంతలు చేస్తున్నావని అనేసింది. పెయింటరు తొట్టి వైపు తిరిగాడు.

"నిద్రపోయేది ఒరిగి ఈదదే" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

మర్నాడు తమ్ముడి దుకాణం పరదాలు ఉతికి ఇస్త్రీ చేసినవి ఉంటే, వాటిని బుట్టలో పెట్టుకుని సెగమ్మే ఇవ్వడానికి వెళ్ళింది. ముందు గిరాకీ ఉందని వెనక తలుపు నుంచి వెళ్ళింది. ఎప్పుడూ గడియ వేసి ఉండే వెనక గది ఆ రోజు తెరిచి ఉంది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. బురద వాసన కాదు, కుళ్ళు వాసన. నేల మీద ఒక పాత నీలం తొట్టి, అడుగున వేలెడు మురికినీళ్ళు.

అందులో తాబేళ్ళు ఉన్నాయి. కొన్ని ఒకదాని మీద ఒకటి పడి కదలకుండా ఉన్నాయి. కొన్నిటికి కళ్ళ స్థానంలో తెల్లటి బొబ్బలు. ఒకటి మెడ పైకి చాచి నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తోంది, తెరిచినప్పుడల్లా సన్నగా కిచ్చుమంటోంది. ఇంకొకటి ఎడమ పక్కకి ఒరిగి, ఆ కాస్త నీళ్ళలోనే గుండ్రంగా తిరుగుతోంది. అచ్చం దొర తిరిగినట్టే. పక్కన ముడివేసిన ప్లాస్టిక్ సంచిలో ఏముందో ఆవిడ విప్పి చూడలేదు. సంచి బయటినుంచే డిప్పల ఆకారం తెలుస్తోంది.

ముందు గదిలోంచి తమ్ముడి గొంతు వినబడుతోంది. ఎవరో తండ్రి, వెంట ఉన్న కూతురికి బహుమానంగా తాబేలు కొంటున్నాడు. ఇది కొంచెం మందకొడిగా ఉందేమిటని అడుగుతున్నాడు.

"చలికాలం కదండీ, నిద్రపోతుంది. వాటి నైజం అది" అన్నాడు తమ్ముడు.

అదే మాట, అదే నవ్వు. ఒక్క అక్షరం తేడా లేదు. తన ఇంట్లో, తన మొగుడి మంచం పక్కన నిలబడి చెప్పిన మాటే.

సెగమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ చిత్రమేమిటంటే నోరు లేవలేదు. బుట్టలోని పరదాలు తీసి ఆ మురికి నేల మీదే కుప్పగా పడేసింది. తను గంజి పెట్టి, మడత మడతకీ గీత తీర్చిన పరదాలు. ఖాళీ బుట్టలో అక్కడే పడున్న పాత తువ్వాలు పరిచి, వంగి ఒక్కొక్క తాబేలునీ ఎత్తి అందులో పెట్టసాగింది. చేతికి తగిలితే తల లాక్కునే శక్తి కూడా వాటికి లేదు. ఒకదాని డిప్ప వేలు నొక్కితే లోపలికి పోయింది, తడిసిన అట్టలా.

గిరాకీని ఒక్క నిమిషం ఉండమని చెప్పి తమ్ముడు లోపలికొచ్చాడు. అక్కని చూసి మొహం తేలు కుట్టిన దొంగలా అయింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. సరుకు వచ్చేటప్పుడే జబ్బుతో వచ్చిందట. పంపినవాడు వెనక్కి తీసుకోనన్నాడట. బాగున్నవి బాగున్నట్టు ముందు పెట్టాడట, బాగాలేనివి ఇక్కడ పెట్టాడట. తను మాత్రం ఏం చేస్తాడట.

"బావకిచ్చింది ఈ తొట్టిలోదేనా?" అని అడిగింది సెగమ్మ.

తమ్ముడు తలకాయ గోక్కున్నాడు. "ఇందులో ఉన్నవాటిలో అది బాగానే ఉందక్కా. బతికితే బావకి కాలక్షేపం. బతక్కపోతే, తాబేలు గురించి ఆయనకేం తెలుసు కనక?"

సెగమ్మ చివరిదాన్ని కూడా ఎత్తి బుట్టలో పెట్టుకుని, తలుపు తోసుకుని ముందు గదిలోకి నడిచింది. తమ్ముడు వెనకే వస్తూ, అక్కా అది నా సరుకు, గిరాకీ ముందు పరువు తియ్యకు, అని మెల్లగా బతిమాలుతున్నాడు. ఆ తండ్రి చేతిలో అప్పటికే ఒక చిన్న డబ్బా ఉంది, అందులో కళ్ళు సగం మూసుకున్న తాబేలు. సెగమ్మ తన బుట్ట ఆయన ముందు పెట్టింది.

"నిద్రపోతున్న తాబేళ్ళు ఇలా ఉంటాయట బాబూ. చూసి కొనుక్కోండి" అంది.

ఆయన బుట్టలోకి చూశాడు. చూసి, చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టేశాడు. కూతురి భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు, ఆ పిల్ల చూడకుండా. తమ్ముడు బుట్ట పిడి పట్టుకున్నాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ అటొకరు ఇటొకరు లాగారు. చిన్నప్పుడు వాడు ఏం లాగినా ఆవిడే వదిలేసేది. ఈసారి వదల్లేదు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పింది. పెయింటరు మొహంలో ఏ మార్పూ రాలేదు. బుట్టలోకి చూశాడు, తొట్టిలోని దొరని చూశాడు. దొరని తువ్వాల్లో చుట్టి బుట్టలో పెట్టమని, తన చొక్కా ఇమ్మని, చంక కర్రలు అందివ్వమని అన్నాడు. గుమ్మం దాటొద్దన్నారు కదా అంటే వినిపించుకోలేదు. ఎంత వద్దన్నా ఆటో ఎక్కాడు. ప్రతి కుదుపుకీ పెదవి కొరుక్కుంటూ, బుట్ట మాత్రం కదలకుండా ఒళ్ళో పట్టుకు కూర్చున్నాడు.

జంతువుల ఆసుపత్రిలో వరండా నిండా కుక్కలు, పిల్లులు. బుట్టలో ఏముందో తొంగి చూసి కొందరు నవ్వారు. సెగమ్మ వాళ్ళకేసి చూసిన చూపుకి నవ్వడం మానేశారు. డాక్టరమ్మ వయసులో ఉన్నావిడ, ఓపిక తక్కువ మనిషి. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, డిప్ప నొక్కి, నోరు తెరిపించి, కళ్ళు చూసి, తూకం వేస్తూ, మధ్యమధ్యలో ఇద్దరినీ కడిగేసింది. చల్లటి నీళ్ళలో ఉంచితే తిన్నది అరగదు, జబ్బుని తట్టుకోదు. మామూలు బల్బు వేడి ఇస్తుంది గానీ, ఎముకా డిప్పా గట్టిపడాలంటే ఎండలాంటి కిరణాలిచ్చే దీపం వేరే ఉంటుంది, అది పెట్టాలి, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ చాలదు. ఎండు రొయ్యలే పెడితే కళ్ళు ఇలాగే ఉబ్బుతాయి, ఆకుకూరలు, పురుగులు, సరైన మేత పెట్టాలి. ముక్కులో బుడగలంటే ఊపిరితిత్తులకి జబ్బు పట్టిందని. ఒక పక్క ఊపిరితిత్తి చెడితే ఆ బరువు తేడాకి ఒరిగిపోతుంది. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి, వంటింటి తొట్టిలో మాత్రం వీటిని కడగొద్దు.

సెగమ్మ జీవితంలో మొదటిసారి ఎదురుచెప్పకుండా తిట్లు తిన్నది.

తర్వాత డాక్టరమ్మ దొరని పట్టుకుని, ఇది ఎప్పట్నించి ఎండ కాచుకోవడం లేదని అడిగింది. పెయింటరు చెప్పాడు. ఎప్పుడు తినడం మానింది, ఏ పక్కకి ఒరుగుతోంది, బుడగలు ముందా కళ్ళ ఉబ్బు ముందా, నీళ్ళు ఎన్నాళ్ళకోసారి మారుస్తున్నారు, అన్నీ వరసగా చెప్పాడు. డాక్టరమ్మ మొదటిసారి తలెత్తి ఆయన్ని సరిగ్గా చూసింది.

"ఇంత బాగా గమనించారు. తాబేలు జబ్బుని ఆఖరిదాకా దాస్తుందండీ. బయటికి కనబడిందంటే ముదిరినట్టే. కనబడినప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

పెయింటరు పెళ్ళాం వైపు చూడకుండా బుట్టలో తువ్వాలు సర్దాడు. సెగమ్మ కొంగు చివర చేతిలో నలుపుతూ నిలబడింది. ఎవరి మీద ఎంత కోపమో ఆవిడకే లెక్క తెలియలేదు. తమ్ముడి మీద ఎక్కువ. తన మీద తక్కువేం కాదు.

ముందు కాలి కండలో ఇంజెక్షన్లు వేశారు. బాగా ముదిరినవాటిని ఆసుపత్రిలోనే ఉంచేసుకున్నారు, దొరకీ మిగతావాటికీ మందులిచ్చి ఇంటికి పంపారు. నీళ్ళు వెచ్చగా ఉంచమన్నారు, కళ్ళని బలవంతాన తెరవొద్దన్నారు, మందు చుక్కలు ఎలా వెయ్యాలో చూపించారు.

సాయంత్రం తమ్ముడు, వాడి పెళ్ళాం వచ్చారు. వాడి మొహం కందగడ్డలా ఉంది. ఆ తండ్రి ఊరుకోలేదట, వీధిలో కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుంటూ పోయాడట. మధ్యాహ్నం నుంచి ఒక్కడూ దుకాణం మెట్టెక్కలేదట. సొంత అక్క అయ్యుండి తన నెత్తి మీద మన్ను పోసిందని మొదలుపెట్టి, పది మందీ చేసేదే తనూ చేశాననీ, ప్రతి వ్యాపారంలోనూ పాడయ్యే సరుకు ఉంటుందనీ, ఆవిడ దుకాణంలో మాత్రం ఎప్పుడూ ఏ చీరా కాలలేదా అనీ దులిపేశాడు. మరదలు తలొంచుకుని నిలబడింది. సెగమ్మ ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, దాన్ని నిలబెట్టి పక్కన పెట్టింది. చేతిలో ఉంటే ఏం చేస్తుందో అని భయం వేసి పెట్టింది.

కాలితే కాలిందని చెప్పాను, కాలిన చీరని మడత లోపల దాచి ఇవ్వలేదు, అంది. పొద్దున్నించి తనలో తిరుగుతున్న మాటలన్నీ అప్పుడు బయటపడ్డాయి. జబ్బుదని తెలిసీ ఇంటికి తెచ్చాడు. దాన్ని మందూ మాకూ లేకుండా చావుకి వదిలేశాడు. తెచ్చిన నాడు తను కంటతడి పెట్టుకుంటుంటే నవ్వుతూ చూశాడు. అదంతా కూడా పోనీ, అంటుండగా తమ్ముడు అడ్డుపడ్డాడు.

"ఒక తాబేలు కోసం రక్తసంబంధం తెంపుకుంటావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

జవాబు సెగమ్మ చెప్పబోయింది. వెనక గదిలోంచి చంక కర్రల చప్పుడు వచ్చింది. పెయింటరు గుమ్మం దాకా వచ్చి, కర్రల మీద బరువు వేసి నిలబడ్డాడు. ఆయన గొంతు పెంచడం ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. ఆ రోజూ పెంచలేదు.

"నేను పిలిచినప్పుడల్లా వచ్చావు. నీకు తెలుసు. తెలిసే నవ్వావు" అన్నాడు. "నా కళ్ళతో నేను చూసింది కాదన్నావు. మంచం మీద పడున్నవాడికి మతి పోయిందని మీ అక్క చేత అనిపించావు. నేనే సరిగ్గా చూసుకోక చంపేస్తున్నానేమో అని, రోజూ దాని మొహం చూస్తూ పడుకున్నాను రా. ఒకే ఒక్కసారి, తీసుకెళ్ళు బావా, డాక్టరుకి చూపించు అనుంటే నీ సొమ్మేం పోయింది?"

తమ్ముడు పెళ్ళాన్ని రమ్మని సైగ చేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మరదలు మాత్రం గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. వదినా అని పిలిచి, తనూ వెళ్ళిపోయింది.

సెగమ్మ మొగుడి దగ్గరికెళ్ళి ఆయన చంక కింద చెయ్యి వేసి మంచం దాకా నడిపించింది. నీ మాట వినలేదు, అంది. ఆయన ఊఁ అన్నాడు. క్షమించానని అనలేదు, పర్వాలేదనీ అనలేదు.

దొర బతకలేదు. మందులు పడ్డాక ఒక కన్ను తెరిచింది, ఒకసారి రాయి దాకా వచ్చి ముందు కాళ్ళు ఆనించింది, అంతే. ఆసుపత్రిలో ఉంచినవి కూడా ఒకటి తర్వాత ఒకటి పోయాయి. ఇంటికి తెచ్చుకున్నవాటిలో రెండు నిలబడ్డాయి. వాటికి పెయింటరు పేర్లు పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదన్నాడు. కానీ సరైన దీపం తెప్పించాడు, నీళ్ళ వేడి చూసే మీటరు తెప్పించాడు, పొద్దున లేవగానే ముందు వాటి కళ్ళే చూసేవాడు.

ఆయన కర్రలతో బాగా తిరగగలిగాక ఒకనాడు సెగమ్మ అడిగింది, దుకాణం బయటి గోడ ఖాళీగా ఉంది కదా అని. ఎందుకడుగుతోందో ఆయనకి చెప్పక్కర్లేకపోయింది. నిచ్చెన ఎక్కలేడు కాబట్టి స్టూలు మీద కూర్చుని చెయ్యి అందేంత మేరే వేశాడు. రెండు తాబేళ్ళు. ఒకటి రాయి మీద కాళ్ళు బార్లా చాపి, కళ్ళు నిగనిగలాడుతూ, మెడ నిక్కించి ఎండ కాచుకుంటోంది. రెండోది నీళ్ళలో ఒక పక్కకి ఒరిగిపోయి, కళ్ళు ఉబ్బి, ముక్కు దగ్గర బుడగలతో. ఆ రెండోదాని కోసం ఆయన చాలా రోజులు పట్టాడు. కన్ను సరిగ్గా రాలేదని చెరిపి మళ్ళీ వేశాడు. కింద పెద్దక్షరాలతో, తినడం మానినా, ఎండకి రాకపోయినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా, డిప్ప మెత్తబడినా ఆ రోజే డాక్టరుకి చూపించమని రాశాడు. అన్నిటికన్నా కింద, తను ఆనాడు అన్న ఆ ఒక్క మాటా రాశాడు, నిద్రపోయే తాబేలు ఒరిగి ఈదదని.

వీధిలో పోయేవాళ్ళు ఆగి చదవడం మొదలుపెట్టారు. బడి పిల్లలైతే గోడకి ముక్కు ఆనించి చదివేవారు. ఎవరి దుకాణం పేరూ గోడ మీద లేదు. అయినా మరదలు వచ్చింది. దాన్ని చెరిపించమని, తమ్ముడి కడుపు కొట్టొద్దని మెల్లగా అడిగింది. సెగమ్మకి ఆ పిల్ల మీద కోపం లేదు.

"నేను వాడి పేరు రాశానా అమ్మా? గుమ్మడికాయల దొంగ అంటే వాడెందుకు భుజాలు తడుముకోవడం?" అని పంపేసింది.

గోడ చదివినవాళ్ళు తమ్ముడి దుకాణానికెళ్ళి అడగసాగారు. దీపం ఏదీ, నీళ్ళు వెచ్చగా ఉన్నాయా, ఏదీ ఈదమనండి చూద్దాం, ఎండ ఎక్కడ కాచుకుంటుంది ఇక్కడ. నాలుకకి ఎంత తేనె రాసినా వాడి పప్పులు ఉడకలేదు. కొన్నాళ్ళకి తొట్ల పైన దీపాలు వెలిగాయి, రాళ్ళు వచ్చాయి, వెనక గదికి కిటికీ పడింది. ఆ కబురు విని సెగమ్మ మెత్తబడుతుందని వీధిలో అందరూ అనుకున్నారు. ఆవిడ ఇంకా మండిపడింది. అమ్మకం పోతుందని భయపడి మారినవాడు మారినట్టా అని మొగుడితో వాదించింది.

"తాబేళ్ళకి ఆ తేడా తెలియదులే" అన్నాడాయన, నీళ్ళు మారుస్తూ.

ఆ మాటకి ఆవిడకి ఇంకా కోపం వచ్చింది.

తమ్ముడు తన బట్టలు వేరే వీధిలో ఉతికించుకునేవాడు. ఎదురుపడితే అటు పక్కకి దాటి పోయేవాడు. అలా చాలా కాలం జరిగింది. ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, వాడు చేతిలో ఒక డబ్బా పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. సెగమ్మ చూసింది గానీ చేతిలో పని ఆపలేదు. చొక్కా చేతి మడత మీద పెట్టె నడుపుతూనే ఉంది.

"ఇది పొద్దున్నించి నోరు తెరిచి పీలుస్తోందక్కా. ఆ డాక్టరమ్మ ఏ పూట ఉంటుంది?"

ఆవిడ తలెత్తి ముందు డబ్బాలోకి చూసింది, తర్వాత వాడి మొహంలోకి. వాడు కళ్ళు దించుకోలేదు. డాక్టరమ్మ ఇప్పుడు ఉంటుందని చెప్పింది. ఏ మలుపు తిరగాలో, వరండాలో ఎటువైపు నిలబడాలో చెప్పింది. డబ్బా మూతకి చిల్లులు పొడిచావా అని అడిగింది. లోపలికి రమ్మనలేదు. కూర్చోమనలేదు.

వాడు వెళ్ళాక వెనక గదిలోంచి పెయింటరు, ఎవరని అడిగాడు. చెప్పింది. శాంతించావా మరి, అన్నాడు.

"లేదు" అంది సెగమ్మ. ఇస్త్రీపెట్టె మళ్ళీ ఎత్తి, ఆ చొక్కా రెండో చెయ్యి బల్ల మీద పరిచి, చేత్తో ముడతలు సాపు చేసింది.